మైలుతుత్తం ముంతలు

ఉసిరిగుడ కుమ్మరి సోములమ్మ నోరు తెరిస్తే ముందొచ్చే మాట ‘ఛీ’. గెడ్డలో నీళ్ళు ముంచుకునే చోట ఎవరైనా ఎడ్లని కడిగితే ఛీ. అనంతగిరి సంతలో ఉప్పు వర్తకుడు అరచేతిలో చీది అదే చేత్తో ఉప్పు కొలిస్తే ఛీ. అల్లుడు సుక్రు కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా వచ్చి అంబలి ముంతలో వేళ్ళు ముంచితే ఛీ ఛీ, ఆపైన ఒక గెంటు. ఈ కొండల్లో పుట్టి, ఈ మట్టిలో పొర్లి, ఇంత ఏవగింపు ఎక్కడ నేర్చిందిరా ఈ మనిషి అని జనం నవ్వుకునేవారు. నవ్వుకుంటేనేం, కుండలకి మాత్రం ఆమె గుమ్మంలోకే వచ్చేవారు.

మొగుడు కొండజ్వరంతో పోయిన ఏడు సారె ముందు తనే కూర్చుంది. ఆడది సారె తిప్పితే వాన కురవదని ఊళ్ళో పెద్ద గోలయింది. ఆ ఏడూ వాన కురిసింది, గెడ్డ పొంగింది, సగం ఊరి కుండలు కొట్టుకుపోయాయి. ఇక ఎవరి నోరూ లేవలేదు. బంకమట్టిని గుడ్డలో వడకట్టేది. వేలికి ఇసక రేణువు తగిలిందా, ఆ ముద్ద మొత్తం అవతల పారేసేది. ఆరిన కుండకి ఎర్రమట్టి పూసి, గింజ పెట్టి నున్నగా రుద్ది, అప్పుడు ఆవంలో పేర్చేది. ఆమె ముంతలో అంబలి పోసి రాత్రంతా ఉంచితే కింద నేల తడి అయ్యేది కాదు. కుండ చెమర్చిందని ఎవరైనా వెనక్కి తెస్తే ఆ పూట ఆమెకి ముద్ద దిగేది కాదు.

అలాంటి మనిషి దగ్గరికొచ్చి, నీళ్ళు ఊరే ముంతలు చేసిపెట్టమన్నాడు సర్వేశ్వరరావు.

గూడెం వైపు పితూరీ అణిగిపోయి నాలుగైదేళ్ళయిన కాలం అది. ఏదో గనుల కంపెనీ వాళ్ళు నల్లసీసం వెతుక్కుంటూ కొండెక్కారు. పెన్సిళ్ళలో పెట్టేదీ, ఇనుము కరిగించే మూసలకి వాడేదీ ఆ నల్లసీసమే. ఉసిరిగుడ పైన ఒక తెల్లదొర డేరా వేశాడు. ఆయన జ్వరంతో ముసుగు తన్నడమే తప్ప బయటికి వచ్చింది తక్కువ. పనంతా విజయనగరం నుంచి వచ్చిన ఈ సర్వేశ్వరరావుదే. బూట్లు, గొడుగు, బుగ్గలో ఎప్పుడూ ఒక తాంబూలం. సీమ నుంచి తెప్పించిన పింగాణీ ముంతలట, ఘాట్ రోడ్డులో ఎద్దు కాలుజారి లోయలో పడితే అన్నీ పిండి అయిపోయాయట. ఊరి పెద్ద, నాయుడు మంగరాజుని వెంటబెట్టుకుని వచ్చాడు. నాయుడు వచ్చాడంటే అడగడానికి కాదు, చెప్పడానికి. కంపెనీకి సాయం చెయ్యాలని ఆ కొండలన్నిటికీ పెత్తందారైన ముఠాదారు హుకుం.

సర్వేశ్వరరావు చెప్పడం మాత్రం ముచ్చటగానే చెప్పాడు. “చూడు సోములమ్మా, మేం కొండని తవ్వం. తవ్వకుండానే దాని కడుపులో ఏముందో కనిపెడతాం. అడుగున నల్లసీసం ఉందనుకో, దానికి తేమ తగిలి దానంతటదే రవ్వంత కరెంటు పుడుతుంది. మెరుపులో ఉండేదే, చీమంత. ఇక్కడొకటి అక్కడొకటి నేలకి తీగలు తగిలించి, మధ్యలో ఈ పెట్టె పెడితే, లోపలి ముల్లు కదులుతుంది. ఎంత కదిలిందో రాసుకుంటాం. కొండంతా అలా రాసుకుంటే లోపలి బొమ్మ తేలుతుంది.”

“మరి తీగ తగిలించుకోండి. ముంత ఎందుకు బాబూ?”

“నేలలో ఇనుప మేకు దిగేస్తే, ఆ మేకే తుప్పుపట్టి తన కరెంటు తను పుట్టిస్తుంది. ముల్లు దాన్ని చూసి కదిలి మనకి అబద్ధం చెబుతుంది. అందుకని ముంతలో మైలుతుత్తం నీళ్ళు పోసి, అందులో రాగి కడ్డీ నిలబెట్టి, ముంతనే నేలలో కూర్చోబెడతాం. ఆ నీళ్ళు ముంత గోడలోంచి ఊరి మట్టిని తడపాలి. కారకూడదు, ఆగిపోకూడదు. సన్నగా ఊరుతూ ఉండాలి.”

సోములమ్మ ముఖం చిట్లించింది. “అంటే పాడు ముంత కావాల. నా సేత్తో. ఛీ!”

నాయుడు కసిరాడు. తప్పదు గనక చేసింది. మట్టిలో మెత్తటి ఊక కలిపింది, ఎర్రమట్టి పూత మానేసింది, ఆవంలో సెగ తగ్గించింది. మొదటి ముంత మరీ కారిపోతోందని సర్వేశ్వరరావు పక్కన పెట్టాడు. సరే, నచ్చలేదు, పారేస్తాడనుకుంది. మర్నాడు డేరాకి వెళ్ళేసరికి ఆ ముంత మంచం పక్కనుంది. తాంబూలం నమిలి నమిలి అందులో ఉమ్ముకుంటున్నాడు! అంచంతా ఎర్రటి తుంపరలు, ముసురుతున్న ఈగలు. ముంతంటే కొండల్లో అన్నం గిన్నె. పొలానికి అంబలి పోసుకెళ్ళేది అందులో, బాలింతకి వేణ్ణీళ్ళిచ్చేది అందులో. సోములమ్మ వచ్చేసి గెడ్డలో మోచేతుల దాకా కడుక్కుంది.

రెండు గంపల ముంతలు చేసిచ్చాక పని మొదలైంది. తీగ చుట్ట మోసే కూలీగా సుక్రు కుదిరాడు. తుప్పలు నరికి కొండకి అడ్డంగా బాట తీసేవారు. బాట వెంట వరసగా ముంతలు పాతి, ముందు నేల సర్దుకోనిచ్చి, ఒక్కొక్కదానికే తీగ తగిలించి ముల్లు చూసేవారు. కొన్నిటిని వారాల తరబడి అలాగే ఉంచేశారు, వాన పడ్డాక లెక్క మారుతుందేమో చూడాలని. ఒకే లెక్క వచ్చిన చోట్లన్నీ కలిపి సర్వేశ్వరరావు కాగితం మీద గీత గీస్తే, వలయం లోపల వలయంలా కొండ కడుపు బయటపడేదట. సుక్రు సాయంత్రం అత్త ఇంటికొచ్చి పొయ్యి పక్క బూడిదలో ఆ వలయాలు గీసి చూపించి మురిసిపోయేవాడు.

“దొరలికి కొండ లోపల కనిపిస్తాదత్తా!”

“నీ గోళ్ళలో మట్టి కనిపిస్తాదో లేదో సూసుకో ముందు,” అనేది సోములమ్మ.

ఒకరోజు బంకమట్టి తేవడానికి గెడ్డ దిగితే, మడుగులో చేపపిల్లలన్నీ తెల్లగా వెల్లకిలా తేలి ఉన్నాయి. ఎగువన కంపెనీ కూలీలు ముంతలు కడుగుతున్నారు. నీలంగా ధారకట్టి పారుతున్నాయి నీళ్ళు. సోములమ్మ గంప అక్కడే పడేసి డేరాకి పోయింది.

“బాబూ, అందులో మీరు పోసింది విసం. మీ పనయ్యాక ఆ ముంతలన్నీ పగలగొట్టించాల. అడివిలో పగలగొడితే దోసం లేదు. ఊళ్ళోకి మాత్రం రానీకండి. మా కాడ ఇంట్లోకొచ్చిన కుండ ఉత్తినే పగలగొట్టరు. పీనుగు లేచిననాడే పగలగొడతారు.”

“అలాగేలే, అలాగేలే,” అన్నాడు సర్వేశ్వరరావు, నోటి నిండా తాంబూలంతో. చెయ్యి కూడా ఊపాడు.

చైత్రం వచ్చింది. సోములమ్మ చెల్లెలి ఊళ్ళో పెళ్ళికి వెళ్ళింది. ఆ నాలుగు రోజుల్లోనే కంపెనీ డేరా ఎత్తేసింది. ఇన్నాళ్ళు కొండ కడుపు చూసి చూసి కనిపెట్టిందేమిటయ్యా అంటే, వేలెడు మందాన నల్లసీసం చార ఒకటి ఉందని, అదీ ఏటవాలుగా లోతుకి దిగిపోయిందని, దాని కోసం రోడ్డు వెయ్యడం దండగని. సరే, పోతే పోయారు. సామాను అవతలి కొండకి మొయ్యడానికి జనం కావాలి కదా? చైత్రంలో మగవాళ్ళు చాలామంది వేటకి పోతారు, ఊళ్ళో మిగిలిన వాళ్ళు కదలమన్నారు. అప్పుడు ఆ పెద్దమనిషి చేసిన పని వినండి. “మోసినవాళ్ళకి తలో రెండు ముంతలు,” అన్నాడు. చేపల్ని చంపిన ముంతల్ని, పగలగొట్టిస్తానని మాటిచ్చిన ముంతల్ని, కూలి కింద పంచిపెట్టాడు! చదువుకున్నవాడు! కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెట్టకూడదని ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర వినే ఉంటాడు. అయినా పంచాడు. గంపలు ఖాళీ, సామాను చేరిపోయింది, చేతులు దులుపుకున్నాడు.

జనం సంబరపడ్డారు. సోములమ్మ చేతి ముంతలు, ఊరికే వచ్చాయి. గెడ్డలో ఓసారి తొలిచి, పొయ్యి పక్క బోర్లించుకున్నారు.

సోములమ్మ తిరిగొచ్చేసరికి ఊళ్ళో శుభవార్త. కూతురు గంగ రెండు పూటలుగా వాంతులు చేసుకుంటోందట. నెల తప్పిందని ఇరుగమ్మ పొరుగమ్మ తేల్చేశారు. చంకన ఇంకా పాలు తాగే పసిగుంట ఉండగానే మరో కానుపు. సోములమ్మ కూడా నవ్వుకుంటూనే వెళ్ళింది. పెళ్ళివారిచ్చిన అరటిపళ్ళు కొంగున కట్టుకుని మరీ వెళ్ళింది.

గంగ ముఖం పసుపు పూసినట్టుంది. గుంట ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, తల్లి రవికె మీద చేతులు వేసి గుంజుతోంది.

“పాలివ్వవేటే దానికి?”

“మానిపించేసేనమ్మా. కడుపుతో ఉంటే పాలు సెడిపోతాయి కదేటి. ఎల్లుండి సైత్రం పండగనాడు పూజ కాడ దిసారి దీని నోటికి అంబలి ముట్టిస్తానన్నాడు. మరింక అంబలే.” గంగ మూలనున్న ముంత చూపించింది. “అదిగో, దీని కోసం కొత్త ముంత కూడా ఉంచేను.”

ముంత అంచు చుట్టూ నీలంగా, పచ్చగా బూజు పట్టినట్టుంది. సోములమ్మ దగ్గరికెళ్ళి గోటితో గీకింది. గోటి కింద పొడి. నాలిక చివర పెట్టుకుంది. చిలుము, పచ్చి చిలుము. తుపుక్కున ఉమ్మి, కొంగుతో నాలిక రుద్దుకుంది.

“నీకు నెల తప్పలేదే ముండా! ఇందులో తాగి కక్కుతున్నావు!”

గంగ నమ్మలేదు. సుక్రు అయితే నవ్వాడు. “నేను ఇసక పెట్టి తోమేనత్తా. తళతళలాడిపోయింది.”

“తోమితే పోద్దేటి? గోడలోకి ఊరాలని కదరా ఆడు సేయించినాడు! లోపలికి ఊరిపోయిందిరా అది. పుల్లటి అంబలి పోస్తే మళ్ళీ బయటికి ఊరతాది. ఇప్పుడే పగలగొట్టు దీన్ని.”

పగలగొట్టు అన్న మాట వినగానే సుక్రు నవ్వు ఆగిపోయింది. గంగ గుంటని గుండెకి అదుముకుంది.

“అమ్మా! కానుపు రాబోయే ఇంట కుండ పగలగొట్టమంటావేటి? నాను సావాలా?”

అక్కణ్ణుంచి మొదలైంది సోములమ్మ తిరగడం. గడప గడపకీ వెళ్ళింది. బతిమాలింది, తిట్టింది. అప్పటికి ఊళ్ళో ఇంకా కొందరు కక్కుతున్నారు. కక్కుతూనే ఆ ముంతలోనే నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలిస్తున్నారు. నూకరత్నం అనే ముసలావిడ అయితే ముంతని వెనక్కి దాచుకుని కయ్యిమంది. “మా ఇంట ఎవులు సచ్చినారని పగలగొట్టమంటావే కుమ్మరిదానా? మా ముసిలోడు ఇంకా ఊపిరి తీత్తన్నాడు, కానరాలేదేటి?”

దీనికి బదులు కొత్తవి ఇస్తానంది సోములమ్మ. ఇంట్లో ఉన్న మంచి ముంతలన్నీ గంపకెత్తి తెచ్చింది. ఛీ, ఏం చెప్పమంటారు జనం సంగతి! కొత్తది చాపి తీసుకున్నారు. పాతది మాత్రం అటకెక్కించారు. “ఇదీ ఉంటాదిలే, పాడేటి?” అన్నారు. సాయంత్రానికి సోములమ్మ గంప ఖాళీ అయింది. ఊళ్ళోంచి ఒక్క విషపు ముంత బయటికి రాలేదు. ఆ రోజంతా ఆమె మొహం చూసినవాళ్ళు, పేడలో కాలేసిన మనిషిలా ఉందన్నారు.

వాంతులకి కారణం దిసారి చెప్పనే చెప్పాడు. మంచీ చెడూ చూసి ముహూర్తం పెట్టేది, దేవతకి ఏం కావాలో చెప్పేది ఆయనే. కంపెనీ వాళ్ళు కొండ ఒంటికి తీగలు చుట్టి కడుపు తడిమారు, కొండదేవత సిగ్గుతో కోపగించింది, పండగనాడు మేకని కొట్టి ఊరందరూ దేవత ముందు అంబలి తాగాలి. ఏ ముంతలో? కొత్త ముంతల్లోనే. దేవతకి పాత ముంత పనికిరాదు. ముందురోజే అంబలి పోసి పులవబెట్టాలి కూడా.

ఈ మాట చెవిన పడగానే సోములమ్మ అవతలి కొండకి బయలుదేరింది. ఆమె మాట వినకపోతే పోయారు, ముంతలిచ్చిన బాబే వచ్చి చెబితే వింటారు కదా. ఎండలో పడి నడిచి కొత్త డేరాకి చేరేసరికి సర్వేశ్వరరావు మడత కుర్చీలో కూర్చుని కోడి తొడ చీకుతున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నూనె కారుతోంది.

సంగతంతా విన్నాడు. నమలడం ఆపలేదు.

“వాంతులే కదా? మైలుతుత్తం వైద్యులు వాంతులకి మందుగా ఇస్తారమ్మా. కడుపు శుభ్రపడుతుంది. కొండవాళ్ళవి గట్టి పేగులు, ఏం కాదు.”

“సంటిదాని నోట్లో పోస్తారు బాబూ రేపు. నా కూతురు కూతురు. పాలు తాగే గుంట. దాని పేగులు గట్టివేటి?”

అప్పుడు మాత్రం ఎముక పక్కన పెట్టాడు. ఒక్క క్షణం అతని కళ్ళలో బెదురు కనబడింది. వస్తాడనుకుంది సోములమ్మ. అతను డేరా వైపు చూశాడు, లోపల దొర దగ్గుతున్నాడు. గొంతు తగ్గించాడు.

“నేనొచ్చి చెబితే ఏమవుతుందో తెలుసా? నేనే విషం పంచానంటారు. దొర చెవిన పడితే నా ఉద్యోగం ఊడుతుంది. నువ్వే చెప్పు, పులుపు పొయ్యొద్దని చెప్పు. పాలు పోసుకోమను, గింజలు పోసుకోమను.”

“మాటిచ్చినారు కదా, పగలగొట్టిత్తానని!”

“ఇచ్చాను. బోలెడు పనుల్లో మరిచిపోయాను. ఇప్పుడేం చెయ్యమంటావ్?” అని, ఆ నూనె చేత్తోనే కుర్చీ పక్కనున్న ముంత తీసుకుని అందులో ఉమ్మాడు. అదే ముంత. మొదటిది. అవతలి కొండ దాకా భద్రంగా తెచ్చుకున్నాడు దాన్ని.

సోములమ్మ వెనక్కి తిరిగింది. పొద్దస్తమానం ఛీ అనే నోటికి ఆ మనిషిని చూస్తే ఆ మాట కూడా చాలలేదు. కొండ కడుపులో చీమంత కరెంటు కనిపెట్టేవాడికి ఎదురుగా పసిదాని కడుపు కనబడదా? తిరుగుదారిలో ఆమెకి ఎక్కడా మంచినీళ్ళు కూడా తాగబుద్ధి కాలేదు.

పండగ పొద్దున ఊరు చేరింది. దేవత రాళ్ళ ముందు మేకని కొట్టేశారు. ఇంటికొక ముంత చొప్పున వరసగా పెట్టారు. నిన్నటి నుంచి పులిసిన చోడి అంబలి, పైన నురగ. నురగ అంచున నీలి చార, తెలిసిన కంటికి కనిపించేంత సన్నగా. వేట నుంచి వచ్చిన మగవాళ్ళు, తలలో పూలు పెట్టుకున్న ఆడవాళ్ళు, అందరూ ఆకలి మీదున్నారు. గంగ ముందు వరసలో గుంటని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దానికి కొత్త గుడ్డ చుట్టి బొట్టు కూడా పెట్టింది.

“తాగకండి!” అని అరుస్తూ వచ్చింది సోములమ్మ. కాళ్ళ నిండా దుమ్ము, ముడి ఊడిన జుట్టు. “నాను బాబు కాడికెళ్ళొచ్చేను. విసం అని ఆడే ఒప్పుకున్నాడు!”

“ఏడీ మరి? రాలేదేటి?” అన్నాడు నాయుడు మంగరాజు.

సోములమ్మ గంగ వైపు నడిచింది.

దిసారి తలాడించాడు. “ఈమెకి కడుపుమంట నాయుడా. ఊరికి ముంతలు ఊరికే వచ్చినాయి, ఈమె కుండలు ఎవులడుగుతారింక?”

జనంలో నవ్వులు. నూకరత్నం అందరికంటే గట్టిగా నవ్వింది.

“నీ సేతి ముంతలే కదే అవి,” అన్నాడు మంగరాజు, కాస్త మెత్తగానే. “నువ్వే సేసినావు, నువ్వే విసమంటావు. దేనిని నమ్మాల మేము?”

ఈ మాటల మధ్యనే దిసారి గంగ ముందున్న ముంతలో ఆకుదొప్ప ముంచాడు. గుంట ఆకలితో నోరు తెరిచేసింది. రెండు రోజులుగా పాల్లేవు దానికి, ఏది పెట్టినా తింటుంది. దొప్ప పెదవుల దాకా వచ్చేసింది.

సోములమ్మ ఒక్క తోపు తోసింది. దొప్ప ఎగిరిపోయింది, దిసారి వెనక్కి పడ్డాడు. జనం హాహాకారాలు చేస్తూ లేచారు. ఆమె ఆ ముంతని రెండు చేతులా ఎత్తింది. పగలగొడుతుందనే అనుకున్నారు అంతా. “ఓలమ్మో వద్దు!” అని గంగ చెవులు మూసుకుంది.

పగలగొట్టలేదు. నోటికెత్తి గటగటా తాగేసింది. కళ్ళు గట్టిగా మూసుకుని అడుగు దాకా తాగింది. అడుగున దిగిన చిక్కటి మడ్డిని కూడా వేలితో తుడిచి నాకింది. ఎవరి గిన్నెలోనో ఈగ పడితే తన గిన్నె పారబోసుకునే మనిషి ఆ మడ్డిని నాకింది. తర్వాత ముంతని ఎక్కడ తీసిందో అక్కడే పెట్టి, గంగ ఎదురుగా నేల మీద కూలబడింది.

“సూడండి మరి,” అంది.

అందరూ నిలబడి చూశారు. మొదట ఏమీ కాలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. మంగరాజు ఏదో అనబోయాడు. అప్పుడు సోములమ్మ ముఖం చెమటతో తడిసిపోయింది, పెదాలు పాలిపోయాయి, పొట్ట పట్టుకుని ముందుకి వంగింది. అది మామూలు వాంతి కాదు. పచ్చగా, నీలంగా, చిలుము నురగలా దేవత రాళ్ళ ముందు పడింది. ఆ రంగు మనిషి లోపలి నుంచి రావడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. మళ్ళీ పడింది. మళ్ళీ. ముక్కులోంచి కూడా వచ్చింది. కంపు కొట్టింది. పండగ బట్టలు కట్టుకున్న జనం ముక్కులు మూసుకుని వెనక్కి వెనక్కి జరిగారు. ఆమె తన వాంతిలోనే చేతులు ఆనించి, తలెత్తి, గంగ ఒళ్ళోని గుంట వైపు చూపించింది.

గంగ గుంటని రవికెలో దోపుకుని ఏడుస్తూ పాలిచ్చేసింది.

ముందుగా ముంత పగలగొట్టింది మంగరాజు. తన ఇంటి ముంత రాయి మీద విసిరికొట్టాడు. తర్వాత నూకరత్నం. తర్వాత అందరూ. నిలబడిన చోటే దేవత ముందే పగలగొట్టారు. ఇళ్ళకి పరిగెత్తి అటకల మీద దాచుకున్నవి తెచ్చి వీధిలో వేశారు. సోములమ్మని ఇంటికి మోసుకెళ్ళి చాప మీద పడుకోబెట్టారు. వేణ్ణీళ్ళు తాగించారు, కక్కించారు, మళ్ళీ తాగించారు. చావలేదు. రెండు రోజులు చావుబతుకుల్లో ఉంది, మూడోనాడు కళ్ళు తెరిచింది. కడుపులో ఎవరో ఇసక పెట్టి తోమినట్టుంది.

కళ్ళు తెరిచాక కూడా బయట అదే చప్పుడు వినిపించింది. ఠప్పుమని ఒకటి, కాసేపటికి ఇంకోటి.

“ఇంకా ఉన్నాయేటి ఆ దరిద్రపు ముంతలు?” అనడిగింది.

పక్కన కూర్చున్న సుక్రు తల వంచుకున్నాడు. “అవి ఆరోజే అయిపోయినాయత్తా. ఇవి... మిగతావి.”

మిగతావి అంటే ఆమెవి. మొగుడు పోయిన ఏటి నుంచి ఆమె చేసినవి. ఎర్రమట్టి పూసి గింజ పెట్టి రుద్దినవి. రాత్రంతా ఉంచినా నేల తడపనివి. మొన్న బదులుగా గంపకెత్తి పంచినవి. నీళ్ళ కుండలు, అంబలి ముంతలు, గింజలు దాచుకునే బానలు. ఆ చెయ్యే కదా చేసింది అన్నారు జనం. ఏది మంచిదో ఏది చెడ్డదో ఎవడికి తెలుసు? చూస్తే అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఆమె కక్కిన రంగు అందరి కళ్ళలోనూ ఉంది, ఆ చేతి కుండలో ముద్ద తినాలంటే ఎవరికీ గొంతు దిగడం లేదు. నాయుడు అప్పటికే అనంతగిరి సంత నుంచి కుండలు తెప్పించడానికి మనిషిని పంపించాడు. కోపంతో కాదు. ఊరంతా ఆమెకి దణ్ణం పెడుతూనే, ఆమె కుండలు పగలగొడుతున్నారు.

సోములమ్మకి ఒళ్ళు మండిపోయింది. లేచి వీధిలోకెళ్ళి ఒక్కొక్కరి జుట్టూ పట్టుకుని, ఇది మంచిదిరా, ఇదీ మంచిదేరా వెధవల్లారా అని చెప్పాలనిపించింది. కాళ్ళు లేవలేదు.

సాయంత్రం గంగ వచ్చింది. చంకలో గుంట, నడుం మీద నీళ్ళ కుండ. ఆ కుండ సోములమ్మ కూతురి పెళ్ళికి చేసిచ్చింది. అంత మంచి కుండ అంతకు ముందూ చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు. నల్లగా నిగనిగలాడుతూ, మెడ చుట్టూ వేలిగోటితో దిద్దిన చుక్కలు.

గంగ గడప దాటి లోపలికి రాలేదు. కుండని అక్కడే దించింది. తల్లి కళ్ళలోకి చూడకుండా అడిగింది.

“అమ్మా, ఇదీ పగలగొట్టీమంటావేటి?”

అది మంచి కుండే అని చెప్పడానికి సోములమ్మ నోరు తెరిచింది. గుంట ఆడుకుంటూ కుండ అంచు మీద చెయ్యి వెయ్యబోయింది. గంగ ఉలిక్కిపడి, ఆ చిన్న చేతిని లాగేసి, తన కొంగుకి గబగబా తుడిచింది. తుడిచి మళ్ళీ తుడిచింది.

సోములమ్మ అది చూసింది.

“పగలగొట్టెయ్యే,” అంది, గోడ వైపు తిరిగి పడుకుని. “బేగి పగలగొట్టెయ్.”